టెలిఫోన్ లైన్ బోర్డు హైపాట్‌లో ఫెయిలైతే: నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఇంటర్‌కమ్ బోర్డు చేస్తుంటాం. హైపాట్ అంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో చూసే టెస్ట్. అందులో లైన్ వైపుకీ గ్రౌండ్‌కీ మధ్య 1500 వోల్టుల ఏసీ ఒక నిమిషం ఇవ్వాలి. మాది 1100 దాటగానే టప్‌మని టెస్టర్ ట్రిప్. లైన్లో ఉండేది 48 వోల్టులే కదా, ఇదంతా ఎందుకని మొదట్లో విసుక్కున్నాను కూడా. కానీ పిడుగు పడితే వచ్చేది 48 కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ మార్చాం, ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే భాగం) మార్చాం, సోల్డరింగ్‌లో మిగిలిన ఫ్లక్స్ మరకలు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో కడిగాం, లాభం లేదు.

చివరికి బోర్డును టెస్టర్ అద్దాల బాక్సులో పెట్టి, మూత వేసి, గదిలో లైట్లు ఆర్పి మెల్లగా వోల్టేజీ పెంచాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాదు, మూలన గ్రౌండ్‌కు కలిసే స్క్రూ దగ్గర నీలంగా చిన్న మెరుపు! డిజైన్లో స్క్రూ రంధ్రం నుంచి లైన్ ట్రాక్‌కు (బోర్డు మీది రాగి గీతకు) 3 మిల్లీమీటర్లు ఉంది. స్టీలు వాషర్ సంగతి లెక్కలోకే రాలేదు. బిగిస్తే దాని అంచు ట్రాక్‌కు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. మధ్యలో ఉన్న పచ్చ పూతను (సోల్డర్ మాస్క్‌ను) ఇన్సులేషన్‌గా నమ్మకూడదు.

సప్లై ఆపి, డిశ్చార్జ్ చేసి, ముందు ఆ స్క్రూ తీసి టెస్ట్ చేశాను, పాసైంది. తర్వాత నైలాన్ స్క్రూ, నైలాన్ వాషర్ వేశాను, మళ్లీ పాస్. కొత్త బోర్డులో ట్రాక్‌ను లోపలికి జరిపి, వాషర్ సైజుకన్నా పెద్ద కీపౌట్‌ను (రాగి రాకూడని చోటును) అన్ని లేయర్లలోనూ గీశాను.

అందరిదీ వాషరే అనను. మీ బోర్డులో లైన్‌కీ ఎర్త్‌కీ మధ్య సర్జ్ అరెస్టర్ (పిడుగు లాంటి అధిక వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించే భాగం) ఉంటే ముందు దాన్నే అనుమానించండి. టెస్టుకు దాన్ని తీయొచ్చో లేదో మాత్రం ల్యాబ్ వాళ్లనే అడగండి.