చెన్నై సెంట్రల్‌లో నాన్నని రైలెక్కించే పద్ధతి

నాన్నకి పక్షవాతం వచ్చాక ఎడమ చేయి, ఎడమ కాలు సరిగ్గా స్వాధీనంలో లేవు. చేతికర్రతో నాలుగడుగులు వేస్తారు, తర్వాత కూర్చోవాల్సిందే. నెల్లూరు నుంచి చెన్నైకి చెకప్‌కి రావడం, తిరిగి వెళ్లడం రైల్లోనే. దాంతో మా చుట్టాల్లో ఎవరికి మోకాళ్లు అరిగినా, తుంటి ఆపరేషన్ అయినా "సెంట్రల్‌లో ఎట్టా ఎక్కించేది అమ్మాయీ?" అని నాకే ఫోన్. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ధైర్యం చెప్పే మాట. సెంట్రల్‌లో పట్టాలు స్టేషన్‌తోనే ఆఖరు. ప్లాట్‌ఫారాలన్నీ ముందున్న హాల్లోంచే మొదలవుతాయి కాబట్టి ఏ నంబరుకైనా చక్రాల కుర్చీ నేల మీదే పోతుంది, వంతెన ఎక్కే పని లేదు. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చినా కాస్త దూరం పెరుగుతుంది, అంతే. చెన్నైలోనే ఉన్న ఇంకో పెద్ద స్టేషన్ ఎగ్మోర్‌లో అలా కుదరదు. అక్కడ రైళ్లు స్టేషన్ మీదుగా పోతాయి, అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లాలంటే వంతెనో లిఫ్టో వెతుక్కోవాలి. అందుకే టికెట్ తీసేటప్పుడే స్టేషన్ కోడ్ చూసుకోండి: ఎంఏఎస్ అంటే సెంట్రల్, ఎంఎస్ అంటే ఎగ్మోర్. ఆంధ్రా వైపు రైళ్లలో కొన్ని సెంట్రల్‌కి రాకుండా ఎగ్మోర్ మీదుగా వెళ్తాయి.

టికెట్ సంగతి ఇంకో రెండు ముక్కలు. అరవై దాటిన మగవాళ్లకి, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది. కానీ ఆ టికెట్‌లో ఒకరో ఇద్దరో పెద్దవాళ్లే ఉండాలి. పిల్లలతో కలిపి అయిదారుగురికి ఒకే టికెట్ తీశారా, కోటా వర్తించదు. పెద్దవాళ్లిద్దరికీ విడిగా తీయడమే మేలు. సీనియర్ సిటిజన్ల ఛార్జీ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, దాని మీద ఆశ వద్దు. దివ్యాంగుల రాయితీ మాత్రం ఉంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని వాళ్లకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గుతుంది, తోడు వెళ్లే ఒకరికీ అంతే. దానికి ప్రభుత్వ డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి రైల్వే కార్డు ముందుగానే తీసుకోవాలి. ఉత్త మోకాళ్ల నొప్పులకి రాదు, మా పెద్దమ్మ ఎంత కోప్పడినా సరే.

స్టేషన్‌కి ఎలా చేరడం? పూందమల్లి హైరోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్ తెలిసిందే. మీ ఇల్లు మెట్రోకి దగ్గరైతే నా ఓటు మెట్రోకే. లిఫ్టులున్నాయి, ప్లాట్‌ఫారం, రైలు నేల దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి, కుర్చీ నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. సెంట్రల్‌లో నీలం లైను, ఆకుపచ్చ లైను రెండూ ఆగుతాయి. ఎయిర్‌పోర్ట్ వైపు నుంచి వచ్చేవాళ్లకీ, కోయంబేడు వైపు నుంచి వచ్చేవాళ్లకీ ఇబ్బంది లేదు. కారులోనే రావాలంటే, సామాను దింపే మనిషి వేరు, నాన్నని దింపే మనిషి వేరు ఉండాలి. ఒక్కరే రెండూ చేయబోతే వెనక హారన్ల మోతకి టెన్షన్ మొదలు.

లోపలికి రాగానే ఒకరు నాన్న పక్కన కూర్చోవాలి, ఒకరు స్టేషన్ మేనేజర్ ఆఫీసుకి వెళ్లి చక్రాల కుర్చీ అడగాలి. గుర్తింపు కార్డు, టికెట్ చేతిలో పెట్టుకోండి. కుర్చీకి డబ్బు ఉండదు, తోసే కూలీకి ఇవ్వాలి, రేటు ముందే మాట్లాడుకోండి. బేరం మరీ గీచి గీచి ఆడకండి, ఎందుకో తర్వాత చెబుతాను. బాత్రూమ్ పని కూడా ఇక్కడే కానిచ్చేయండి. కదిలే రైల్లో ఒక చేత్తో గొళ్లెం, ఒక చేత్తో కర్ర అంటే నాన్నకి అయ్యే పని కాదు.

సెంట్రల్‌లో అసలు చిక్కులు రెండు. మొదటిది దూరం. ఇప్పటి బోగీ ఒక్కోటి దాదాపు 24 మీటర్లు. 22 బోగీల రైలంటే అర కిలోమీటరు పైమాటే. మీ బోగీ ఇంజన్ వైపు పడితే హాల్లోంచి అంత దూరం పోవాలి. కాబట్టి బోగీ ఎక్కడ ఆగుతుందో బోర్డు మీద, యాప్‌లో ముందే చూసుకోండి. బ్యాటరీ కారు ఖాళీగా కనిపిస్తే ఎక్కించేయండి. నేనైతే రైలుకి గంటన్నర ముందే స్టేషన్‌లో ఉంటాను. మా ఆయన నవ్వుతారు, నవ్వనీ.

రెండో చిక్కు తలుపు. ప్లాట్‌ఫారం కంటే బోగీ నేల దాదాపు అర మీటరు ఎత్తులో ఉంటుంది, మధ్యలో ఇరుకు ఇనప మెట్లు. కుర్చీ ఇక్కడిదాకే. కూలీతో బేరం ఆడొద్దన్నది ఇందుకే. ఈ రెండు నిమిషాలు అతని భుజబలం మీకు కావాలి.

నాన్న ఫిజియోథెరపిస్ట్ నేర్పిన పద్ధతి ఇది: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బాగాలేని కాలు ముందు. కుర్చీ బ్రేకులు వేసి, నాన్న నడుముకి ఒక గట్టి తువ్వాలు చుట్టి ముడి వేస్తాను. కూలీ కింద, వెనక నిలబడి ఆ తువ్వాలు పట్టుకుంటాడు. నేను ముందే పైకెక్కి తలుపులో నిలబడతాను. నాన్న కుడి చేత్తో కమ్మీ పట్టుకుని కుడి కాలు మెట్టు మీద పెట్టి ఒంటి బరువంతా దాని మీదికి తెస్తారు. అప్పుడు ఎడమ కాలు పక్కకి చేరుతుంది. ఒక మెట్టు, ఒక ఊపిరి. మళ్లీ ఒక మెట్టు. చచ్చుబడిన చేయి పట్టుకుని పైకి లాగడం మాత్రం ఎవరినీ చేయనివ్వకండి, భుజం కీలు జారుతుంది. సాయం చేద్దామని వచ్చే మంచివాళ్లు ముందు పట్టుకునేది ఆ చేయే. "అణ్ణా, అది వదిలేయండి, బ్యాగు పట్టుకోండి" అంటే సంతోషంగా పట్టుకుంటారు. దిగేటప్పుడు ముఖం బోగీ వైపు ఉంచి వెనక్కి దిగాలి, కింద ఒక మనిషి ఉండాలి.

రైలు ఎక్కాక మందులు, నీళ్లు, ఫోన్ ఉన్న చిన్న సంచి ఒళ్లో ఉండాలి. సీటు కిందికి వంగి వెతికే పని పెట్టకండి.

నెల్లూరులో రైలు ఆగేది కొద్ది నిమిషాలే. గూడూరు దాటగానే చెప్పులు తొడిగించండి, వేదాయపాలెం కనిపించేసరికి తలుపు దగ్గర ఉండాలి. బోగీ నంబరు తమ్ముడికి ముందే మెసేజ్ పెడతాను, వాడు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంటాడు. మధ్యలో ఏ ఇబ్బంది వచ్చినా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయొచ్చు.

చెన్నై వచ్చేటప్పుడు మాత్రం తొందర అక్కర్లేదు. రైలు సెంట్రల్‌తో ఆఖరు కాబట్టి అందరూ దిగిపోయేదాకా కూర్చోండి. మీరు వెళ్లాల్సింది ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రికే అయినా, రోడ్డు అవతలే కదా అని నడిపించకండి. ఆటో అతను కాస్త గొణిగినా, ఎక్కించుకుని వెళ్లండి.