గుట్ట గాలిలో గ్లైడర్: తిరుపతి, చిత్తూరు వైపు స్లోప్ సోరింగ్ మొదలుపెట్టేవాళ్లకు

మోటారు లేని రేడియో కంట్రోల్ గ్లైడర్‌ను గాలిలో నిలబెట్టేది గుట్టకు తగిలి పైకి ఎగదన్నే గాలి. అలా ఎగరేయడమే స్లోప్ సోరింగ్. ఆ గాలి సరిగ్గా ఉంటే మామూలు ఫోమ్ రెక్క కూడా రేడియోను నడిపే బ్యాటరీ అయిపోయేదాకా ఎగురుతుంది. లేకపోతే ఎంత ఖరీదైన మోడలైనా రెండు నిమిషాల్లో కింద పొదల్లో వెతుక్కోవాల్సిందే. అందుకే ముందు గుట్ట, తర్వాతే విమానం.

గుట్ట ఎలా ఎంచుకోవాలి

మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమర, నైరుతి గాలులు. ఆషాఢంలో ఇంకా జోరు. ఆ రోజుల్లో పడమటి ముఖం వాలు కావాలి. అక్టోబరు చివరి నుంచి గాలి ఈశాన్యం వైపు నుంచి వీస్తుంది, అప్పుడు తూర్పు, ఈశాన్య వాలు చూసుకోవాలి. గాలి వాలుకు ఎదురుగా తగలాలి. 30 డిగ్రీలకు మించి పక్కకు తిరిగితే లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే గాలి, బాగా పడిపోతుంది.

కొత్తవాళ్లకు 20, 30 మీటర్ల బోడిగుట్ట చాలు. ముందు వైపు చేలో, చెరువో ఉండి మైదానంలా తెరుచుకుని ఉండాలి. ఎదురుగా ఇంకో గుట్ట ఉంటే దాన్ని దాటి వచ్చే గాలి చెదిరిపోయి ఉంటుంది. చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీ కోసిన నిటారు గోడలు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటి జోలికి పోవద్దు. పదునైన అంచు మీద గాలి తెగి, వెనక సుడి తిరుగుతుంది. దాన్నే రోటర్ అంటారు. మోడళ్లు విరిగేది ఎక్కువగా అందులోనే.

రోటర్ ఎక్కడుందో తెలుసుకోవడం తేలికే. రెండు మీటర్ల కర్రకు సన్నటి రిబ్బన్ కట్టి, అంచు దగ్గర పైకెత్తి పట్టుకోండి. గట్టిగా మీ వైపే సాగుతుంది. అలాగే పట్టుకుని వెనక్కి నడవండి. ఎక్కడ వేలాడిపోతుందో, లేదా తిరగబడి అంచు వైపు చూపిస్తుందో, అక్కడి నుంచి రోటర్. ఆ చోట రాయి పెట్టి గుర్తుంచుకోండి. అది దాటి దిగే ప్రయత్నం చేయొద్దు.

గాలి వేగానికి చెట్లే కొలత. చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే గంటకు 12 నుంచి 19 కి.మీ. దుమ్ము లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 నుంచి 28. నేర్చుకోవడానికి ఇదే మంచి గాలి. చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే ఆ రోజుకు కొత్తవాళ్లు చూసి నేర్చుకుంటే మేలు. వాలు ముందు గద్దలు రెక్క కొట్టకుండా తేలుతుంటే లిఫ్ట్ అక్కడే ఉన్నట్టు.

తిరుమల కొండ కళ్లెదుటే ఉన్నా అక్కడ ఎగరేయకూడదు. శేషాచలం రక్షిత అడవి, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్ కూడా. రేణిగుంట విమానాశ్రయం చుట్టూ ఆంక్షలుంటాయి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా విభజించారు. కేంద్ర ప్రభుత్వ డిజిటల్ స్కై సైట్ మ్యాప్‌లో మీ గుట్ట ఆకుపచ్చలో ఉందో లేదో చూసుకునే బయల్దేరండి. పట్టా భూమి అయితే రైతును అడగండి. వాలు కింద మేకల మందలు, కరెంటు తీగలు లేకుండా చూసుకోండి.

విమానం

మొదటిదిగా 1.2 మీటర్ల ఈపీపీ (సాగే గుణమున్న పాలీప్రొపిలీన్) ఫోమ్ ఫ్లయింగ్ వింగ్, అంటే తోక లేకుండా రెక్క మాత్రమే ఉన్న మోడల్, తీసుకోండి. బండకు తగిలినా వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. బరువు 500 నుంచి 600 గ్రాములు. లోపల 6 మి.మీ. కార్బన్ గొట్టం, మెటల్ గేర్ ఉన్న రెండు 9 గ్రాముల సర్వోలు (రెక్క పలకలను కదిపే చిన్న మోటార్లు), నాలుగు సెల్‌ల 4.8 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. ముందు అంచుకు దారాలున్న ప్యాకింగ్ టేప్ రెండు వరసలు అంటించండి. హాట్ గ్లూతో సర్వోలు బిగించొద్దు, మన ఎండకు అది మెత్తబడి సర్వో కదిలిపోతుంది.

సెంటర్ ఆఫ్ గ్రావిటీ, అంటే విమానం తూకం నిలిచే చోటు, మీద పిసినారితనం పనికిరాదు. ప్లాన్‌లో గుర్తున్న చోటుకు 5 మి.మీ. ముందే తూగేలా ముక్కులో సీసం పెట్టండి. చేపల వలకు కట్టే గుళ్లు సరిపోతాయి. ముక్కు కాస్త బరువైతే విమానం మందకొడిగానైనా ఎగురుతుంది. వెనక భాగం బరువైతే చేతిలోని ట్రాన్స్‌మిటర్ స్టిక్ ముట్టుకోగానే ఎగిరిపడుతుంది, ఎంత అనుభవం ఉన్నా ఆపలేరు.

ఎలెవాన్లు, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు 2, 3 మి.మీ. పైకి ఉండాలి. స్టిక్ వెనక్కి లాగితే రెండూ పైకి. కుడికి తోస్తే కుడిది పైకి, ఎడమది కిందికి. గుట్ట ఎక్కాక కూడా ఇది ఒకసారి బయటికి చెప్పుకుంటూ సరిచూసుకోండి. తిరగబడిన ఎలెవాన్‌తో విసిరితే సరిదిద్దుకునే సమయం ఉండదు. వేరుశనగ పీకేసిన చేలో ముందు సమంగా విసిరి చూడండి. ఎగిసి తర్వాత ముక్కు కిందికి పడితే ముందుకు ఇంకొంచెం సీసం కావాలి. ట్రాన్స్‌మిటర్‌ను రేంజ్ చెక్‌లో (సిగ్నల్ తగ్గించి పరీక్షించే మోడ్) పెట్టి ముప్పై అంగలు వెనక్కి నడిచి సర్వోలు తడబడకుండా తిరుగుతున్నాయేమో చూడండి.

విసరడం, తిప్పడం, దించడం

గాలికి ఎదురుగా, ముక్కు సమంగా లేదా పిసరంత కిందికి ఉంచి బలంగా నెట్టండి. పైకి విసిరితే వేగం చచ్చి వెనక్కి గుట్ట మీదికే కొట్టుకొస్తుంది. కనీసం ఇరవై మీటర్లు నేరుగా ముందుకు పోనిచ్చి, తర్వాతే వాలు వెంట అటూ ఇటూ తిప్పండి. ప్రతి మలుపూ గుట్టకు దూరంగా, బయటికే. గుట్ట వైపు తిప్పితే గాలి వెనక నుంచి తోసి, కళ్లు మూసి తెరిచేలోగా బండకు కొడుతుంది.

దించేటప్పుడు వాలు వెంట వస్తూ, అంచుకు ఐదు మీటర్లు వెనక్కి జరగనిచ్చి, గాలికి ఎదురుగా తిప్పి ముక్కు కాస్త కిందికి పట్టండి. మీరు రాయి పెట్టిన గీతకు ముందే ఉండాలి. చాలామంది నెమ్మదిగా దింపాలని స్టిక్ వెనక్కి లాగుతారు. వేగం పోగానే రెక్క వాలి పడిపోతుంది. చివరి అర మీటరు దాకా వేగం వదలొద్దు.

నైరుతి కాలంలో పడమటి వాలు మీద సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడు నేరుగా ఎదురుగా ఉంటాడు. విమానం ఆ వెలుగులోకి వెళ్లిందంటే అది ఎటు తిరిగిందో తెలియదు. మూడు లోపు దించేయండి. తూర్పు వాలుకైతే ఉదయం పదకొండు దాటాక మొదలుపెట్టండి.

ఇంటికి వెళ్లేముందు సర్వో హారన్లు (సర్వోల చిన్న చేతులు), కార్బన్ గొట్టం చేత్తో తడిమి చూడండి. మూసిన కారులో ఎండలో వదిలేస్తే ఫోమ్ రెక్క మెలికపడుతుంది, తర్వాత ఎంత ట్రిమ్ చేసినా (మధ్య స్థానం సరిదిద్దినా) ఒక పక్కకే లాగుతుంది.