అమెరికాలో ఉద్యోగానికి ముందు క్రెడిట్ చెక్: కొత్తగా వచ్చినవారికి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు చివరి సెమిస్టర్‌లో తరచూ అడిగే మాట: "అన్నా, ఆఫర్ వచ్చింది గానీ క్రెడిట్ చెక్ చేస్తారట. నాకు హిస్టరీయే లేదు, ఉద్యోగం పోతదా?" క్రెడిట్ చెక్ అంటే మీ అప్పులు, బిల్లులు ఎలా కట్టారో చెప్పే రికార్డును కంపెనీ చూడటం. హిస్టరీ లేదన్న టెన్షన్ అక్కర్లేదు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి.

అన్ని కంపెనీలూ ఈ చెక్ చేయవు. ఎక్కువగా అడిగేది బ్యాంకులు, ఇతర ఆర్థిక సంస్థలు, డబ్బు లేదా జనం ఖాతాల వివరాలు చేతికొచ్చే ఉద్యోగాల్లో. మన దగ్గర చిట్టీ పాడుకున్నవాడికి డబ్బు ఇచ్చే ముందు సర్కారు టీచర్ ష్యూరిటీ అడుగుతారు చూడండి, దాదాపు అదే ఆలోచన. న్యాయమేనా అంటే నాకు అనుమానమే. ఉద్యోగం లేక బాకీ పడ్డవాడికి, బాకీ ఉందని ఉద్యోగం ఇవ్వకపోతే వాడు ఎప్పుడు తీర్చాలి? కాలిఫోర్నియా, ఇల్లినాయ్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు, 2015 నుంచి న్యూయార్క్ నగరం కూడా, చాలా ఉద్యోగాలకు ఈ చెక్‌పై ఆంక్షలు పెట్టాయి. మినహాయింపులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా దిగే టెక్సస్‌లో అలాంటి ఆంక్ష లేదు.

కంపెనీకి వెళ్లే రిపోర్టులో క్రెడిట్ స్కోరు ఉండదు. ఖాతాలు, అప్పులు, ఆలస్యంగా కట్టిన వాయిదాలు, కలెక్షన్ ఏజెన్సీకి పోయిన బిల్లులు కనిపిస్తాయి. వాళ్లు చూసినందుకు మీ స్కోరు తగ్గదు. వరంగల్ బ్యాంకులో నాన్న సంతకంతో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇక్కడి ఫైలులోకి రాదు. ఇండియాలో అప్పుల రికార్డు ఉంచే సిబిల్, ఇక్కడి క్రెడిట్ బ్యూరో ట్రాన్స్‌యూనియన్‌దే అయినా ఆ రికార్డు వేరు, ఇది వేరు. అమెరికా సంస్థ దగ్గర తీసుకున్న లోన్ మాత్రం కనిపించవచ్చు.

ఖాళీ ఫైలు చెడ్డ ఫైలు కాదు. చెడగొట్టేవి చిన్న విషయాలే. నలుగురు కలిసి రూమ్ తీసుకుంటారు, ఇంటర్నెట్ ఒకరి పేరు మీద, కరెంటు ఇంకొకరి పేరు మీద. వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వచ్చి చెదిరిపోతారు. ఆఖరి బిల్లు ఎవరూ కట్టరు. అది ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఫైలుకే చుట్టుకుంటుంది, "మేం నలుగురం వాడుకున్నాం" అంటే వినేవాడు లేడు. లీజు మీద అందరూ సంతకం చేసి ఉంటే, ఒకడు చెప్పకుండా వెళ్లిపోయినా వాడి వాటా మిగతావాళ్లను అడుగుతారు. ఫ్రెండ్ కారు లోన్‌కి కోసైన్ చేయమంటే, అంటే ష్యూరిటీగా సంతకం పెట్టమంటే, మొహమాటపడకుండా వద్దని చెప్పండి. వాడు కట్టని వాయిదా మీ రిపోర్టులో కూడా పడుతుంది. అలాంటి మరక మామూలుగా ఏడేళ్లు ఉంటుంది.

పేర్ల గొడవ ఇంకోటి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. బ్యాంకులో ఒకలా, ఫోన్ కంపెనీలో ఒకలా రాయిస్తే ఫైలు రెండుగా చీలవచ్చు, లేదా మీలాంటి పేరున్న ఇంకో రెడ్డిగారి బాకీ మీ దాంట్లో కలవచ్చు. అన్నిచోట్లా ఒకే తీరుగా రాయించండి. అప్లికేషన్లు మొదలుపెట్టకముందే యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులూ ఉచితంగా తీసి చూసుకోండి. తప్పు కనిపిస్తే ఆ రిపోర్టు ఇచ్చిన బ్యూరో దగ్గరే డిస్ప్యూట్ (సరిచేయమని అభ్యంతరం) వేయండి. సాధారణంగా 30 రోజుల్లో తేల్చాలి, అందుకే ఆఫర్ వచ్చేదాకా ఆగొద్దు.

1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం, రిపోర్టు తెప్పించే సంగతి మీకు విడి కాగితం మీద చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇవ్వను అనొచ్చు, కానీ వాళ్లూ మిమ్మల్ని పక్కన పెట్టొచ్చు. రిపోర్టు చూసి వద్దనుకుంటే, తుది నిర్ణయానికి ముందే దాని కాపీ, మీ హక్కుల పత్రం పంపాలి. ఆ మెయిల్ వచ్చిందంటే ఉద్యోగం పోయినట్టు కాదు. తప్పుంటే వెంటనే హెచ్‌ఆర్‌కి రాయండి, బ్యూరోకి కూడా. చివరికి కాదన్నా, 60 రోజుల్లోపు అడిగితే ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ మరో కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఇంటర్వ్యూ కూడా కాకముందే "ఈ లింకులో స్కోరు చూసి స్క్రీన్‌షాట్ పంపండి" అని ఎవరైనా రాస్తే డిలీట్ చేయండి. అసలు కంపెనీ రిపోర్టును తానే తెప్పించుకుంటుంది.