టైల్స్ నేలల శుభ్రత – నాలుగవ పాఠం: సందుల్లోని నలుపు

నేలను ఊడ్చి, పొడి దుమ్మును వాక్యూమ్‌తో పూర్తిగా తీసేవరకు నీటిని ముట్టుకోకూడదని గత పాఠంలో చెప్పుకున్నాము. ఈ పాఠం టైల్స్ మధ్య ఉండే సందుల గురించి. మనలను పనికి పిలిచే ఇంటివారిలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "టైల్స్ బాగానే ఉన్నాయండీ, జాయింట్లే నల్లబడిపోయాయి." టైల్ పైభాగాన్ని ఇంట్లోవారు రోజూ తుడుచుకుంటూనే ఉంటారు. మనకు కూలి ఇచ్చేది ఆ రెండు మూడు మిల్లీమీటర్ల గీత కోసం.

సందులు నల్లబడడానికి చాలా ఇళ్లలో అసలు కారణం రోజూ పెట్టే తడిగుడ్డే. విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతానికి మించి నీటిని పీల్చుకోదు. దాని పక్కన నింపిన వైట్ సిమెంట్ గానీ, రంగు కలిపిన సిమెంట్ గ్రౌట్ గానీ సన్నని రంధ్రాలతో నిండి, టైల్ అంచు కన్నా కొద్దిగా లోతుగా ఉంటుంది. ఒకే బకెట్ నీళ్లతో హాలు, రెండు పడకగదులు తుడిచేసరికి ఆ నీళ్లు బురద రంగుకు తిరుగుతాయి. అవి పల్లాన్ని వెతుక్కుంటూ సందుల్లోకి దిగి, ఆరిపోయాక మట్టిని, సబ్బు జిగటను, ఫినాయిల్ పొరను అక్కడే వదిలేస్తాయి. ఆ జిగటకు మరునాటి దుమ్ము అంటుకుంటుంది. ఇలా ఏళ్ల తరబడి పేరుకున్నదానిని మనము ఒక్క పూటలో తీయవలసి ఉంటుంది.

ఇంట్లోకి వెళ్లగానే డబ్బాల మూతలు తీయకండి. తలుపు వెనుకనో, మంచం కిందనో ఒక సందు మీద నీటి చుక్క వేసి, రెండు నిమిషాలు గమనించండి. చుక్క ఇంకిపోయి ఆ చోటు ముదురు రంగుకు మారితే అది సిమెంట్ జాయింట్ అనీ, దానికి రక్షణ పూత లేదనీ అర్థం. చుక్క నిలబడి ఉంటే అది ఎపాక్సీ, అంటే నీటిని పీల్చని రెసిన్‌తో నింపిన జాయింట్ అయినా కావచ్చు, పూత వేసిన సిమెంట్ అయినా కావచ్చు. అటువంటి చోట మురికి లోతుకు దిగదు కనుక పని సగం తగ్గుతుంది. ఆ తరువాత ఇల్లంతా ఒకసారి నడిచి, టైల్స్ కాక ఇంకే రాయి పరిచారో చూడాలి. మన ప్రాంతంలో హాలులో టైల్స్ వేసినా, వెనుక వరండాలో తాండూరు బండలు, మెట్లకు కడప బండలు, దేవుడి గదిలో పాలరాయి ఉండడం మామూలే. పాత ఇళ్లలోనైతే పాలరాతి ముక్కలు కలిపి పోసిన మొజాయిక్ కనిపిస్తుంది. వీటన్నిటిలోనూ ఉన్నది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి జాతి. ఆమ్లం తగిలితే నురగ వచ్చి పైపొర కరిగిపోతుంది, మెరుపు పోయి తెల్లటి గరుకు మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ మరక కాదు కనుక కడిగితే పోదు, రాయిని మళ్లీ పాలిష్ పట్టవలసిందే. ఈ పనిలో చేరిన కొత్తలో నేను బాత్రూమ్ టైల్స్ మీద పోసిన యాసిడ్ నీళ్లు గడప దాటి తాండూరు బండల మీదికి పారాయి. నాలుగు బండలకు పాలిష్ పట్టించిన ఖర్చు ఆ రోజు నాకు వచ్చిన కూలి కన్నా ఎక్కువైంది.

ఇక యాసిడ్ విషయం. ఇంటి పెద్దావిడ పక్కన నిలబడి "యాసిడ్ పోయకుండా ఆ నలుపు ఎలా పోతుంది బాబూ?" అని తప్పక అడుగుతారు. "అమ్మగారూ, ఇది నూనె మురికి. యాసిడ్ దీనిని తీయదు, కింద ఉన్న సిమెంట్‌ను తినేస్తుంది" అని ఓపికగా చెప్పండి. గట్టిపడిన సిమెంట్ క్షార స్వభావం కలది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినప్పుడు జాయింట్ తెల్లగా కనబడడానికి కారణం మురికితోపాటు దాని పైపొర కూడా కరిగిపోవడమే. అలా రెండు మూడుసార్లు చేస్తే సందు ఇంకా లోతై, ఇంకా గరుకై, మునుపటి కన్నా త్వరగా నల్లబడుతుంది. పైగా ఆ ఆవిరికి కుళాయిల మెరుపు పోతుంది, తలుపు బందులు తుప్పు పడతాయి. టాయిలెట్ శుభ్రం చేసే ద్రవాలలో చాలావాటిలో ఉండేది కూడా ఈ ఆమ్లమేనని గుర్తుంచుకోండి. బ్లీచింగ్ పౌడర్‌తో గానీ, బ్లీచ్ ద్రవంతో గానీ ఏ ఆమ్లం కలిసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాంతకం. కాబట్టి ఇంటివారు ఆ ఉదయమే దేనితో కడిగారో అడిగి తెలుసుకొని, మంచినీళ్లతో ఒకసారి కడిగిన తరువాతనే మన పని మొదలుపెట్టాలి.

జర్మనీలోని హెన్కెల్ సంస్థలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ 1959లో శుభ్రతకు నాలుగు అంశాలను చెప్పారు: రసాయనం, రాపిడి, వేడి, సమయం. వీటిలో ఒకదానిని తగ్గిస్తే మిగతావాటిని పెంచుకోవాలి. మనవాళ్లు సమయాన్ని తగ్గించి రసాయనాన్ని పెంచుతారు, నష్టమంతా అక్కడే జరుగుతోంది. వంటగది, భోజనాల బల్ల చుట్టూ ఉండే జిడ్డు నలుపుకు లీటరు వేడినీళ్లలో 20 గ్రాముల చాకలి సోడా సరిపోతుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, ఒకసారికి 20 చదరపు అడుగులకు మించకుండా సందుల వెంట ఆ ద్రవాన్ని పోసి, పది నిమిషాలు వదిలేయండి. ఎండిపోతుంటే మళ్లీ తడపాలి, ఎందుకంటే ఎండిన సోడా విడిపోయిన జిడ్డును తిరిగి అతికించేస్తుంది. తరువాత సన్నని నైలాన్ బ్రష్‌తో సందు పొడవునా రుద్దాలి. ఇనుప తీగల బ్రష్ వాడితే దాని ముక్కలు సందులో మిగిలి, నెల తిరగకుండానే తుప్పు మరకలై పైకి తేలుతాయి. యంత్రం ఉన్నవారు నిమిషానికి 150 నుంచి 180 చుట్లు తిరిగే సింగిల్ డిస్క్ స్క్రబ్బర్‌కు బ్రష్ బిగించి వాడవచ్చు. నిగనిగలాడే టైల్ మీద ఆ యంత్రానికి బిగించే గరుకైన నల్ల ప్యాడ్ మాత్రం పెట్టవద్దు, గీతలు పడతాయి.

బాత్రూమ్ దగ్గర, వాషింగ్ మెషీన్ చుట్టూ కనిపించే తెల్లటి పొర వేరు. అది బోరు నీళ్లలోని సున్నం, సోడాకు లొంగదు. అక్కడ మాత్రమే ఆమ్లం కావాలి, అదీ కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పేరుతో దొరికే సిట్రిక్ ఆమ్లం చాలు. లీటరు నీళ్లకు 50 గ్రాములు కలపండి. ముందు సందులను మంచినీళ్లతో బాగా తడిపితే రంధ్రాలు నీటితో నిండి, ఆమ్లం లోతుకు దిగకుండా పైపొర మీదనే పనిచేస్తుంది. నురగ ఆగిన వెంటనే కడిగి, తినే సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో మరోసారి తుడవండి. ఒకే చోట జిడ్డు, సున్నం రెండూ ఉంటే ముందు చాకలి సోడా, తరువాత నిమ్మ ఉప్పు వాడాలి. జిడ్డు పొర ఉండగా ఆమ్లం సున్నాన్ని చేరలేదు. రెండింటి మధ్య కడగకపోతే ఒకదాని బలాన్ని ఒకటి చంపుకుంటాయి.

గడప దగ్గర ఒక హెచ్చరిక. పండుగల తరువాత గడప పక్క సందుల్లో పసుపు ఇంకి ఉంటుంది. దాని మీద సోడా నీళ్లు పడగానే పసుపు ఎర్రబడుతుంది; క్షారం తగిలిన పసుపు గుణమే అది, మనం పారాణి కలుపుకునేదీ ఆ సూత్రంతోనే. ఇంటివారు మాత్రం రక్తపు మరక చూసినట్లు కంగారుపడతారు, కనుక ముందే చెప్పి ఉంచండి. కడిగి, మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచిన దూదిని ఆ చోట పరిచి అరగంట ఉంచితే చాలావరకు తేలికపడుతుంది. ఎండ పడే గడపైతే మిగిలినది ఎండే తీసేస్తుంది.

ఇంత చేసినా, ఆ మురికినీళ్లను పైకి లాగకపోతే అవి తిరిగి సందుల్లోకే చేరతాయి. నీటిని కూడా పీల్చే వెట్ వాక్యూమ్ ఉంటే దాని మూతిని సందు వెంట నడిపించాలి. అది లేనివారు వైపర్‌ను సందుకు సమాంతరంగా కాక ఏటవాలుగా లాగి, వెంటనే పొడి నూలు తువ్వాలు అద్ది, రెండు బకెట్ల మంచినీళ్లు మార్చి తుడవాలి. అరచేతితో టైల్‌ను తడిమితే జారుడు తగలకూడదు. జారుతోందంటే సోడా ఇంకా మిగిలి ఉంది.

తడి సందు ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది. పని ముగిసిన గంటకే ఇంటివారు పెదవి విరిస్తే కంగారుపడి మళ్లీ రసాయనం పోయకండి. ఫ్యాను వేసి, మరునాడు ఉదయం చూడమని చెప్పండి. మొదలుపెట్టే ముందు అదే చోట ఫోటో తీసుకొని ఉంటే మాట సులువవుతుంది. ఆరిన తరువాత కూడా అక్కడక్కడ ముదురు మచ్చలు మిగిలితే అది లోపలిదాకా ఇంకిన నూనె. అటువంటి జాయింట్‌ను గీకి తీసి కొత్త గ్రౌట్ నింపవలసిందే. ఆ మాట పని ఒప్పుకునేటప్పుడే చెప్పడం మంచిది.

అభ్యాసం: మీ సొంత వంటగదిలో పొయ్యి ముందున్న నాలుగు టైల్స్ ఎంచుకొని, ఒక సందుకు వట్టి వేడినీళ్లు, ఒకదానికి రెండు నిమిషాలు ఉంచిన సోడా, మరొకదానికి పది నిమిషాలు ఉంచిన సోడా వాడి, మూడింటినీ సమానంగా ఇరవైసార్లు రుద్దండి. మరునాడు పగటి వెలుతురులో తేడాను రాసి ఉంచుకోండి. సందులకు రక్షణ పూత వేయడం వచ్చే పాఠంలో వస్తుంది. అప్పటివరకు ఆ మూడు సందులను అలాగే వదిలేయండి, పూతను వాటి మీదనే వేసి చూద్దాము.