పెంకుటింటి కప్పు: పాచి, కారుడు, తెల్లపొడి - దేనికి ఏం చేయాలి

కప్పు నల్లబడితే కంగారుపడి కడిగించేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ నలుపు వల్ల ఇంట్లోకి చుక్క నీరు కూడా రాదు. కారేది పైకి కనిపించని గాడిలోంచి. మంగళూరు పెంకుకు (బంగాళా పెంకు, బెంగళూరు పెంకు అనేదీ ఇదే) ఒక అంచున గాడి, రెండో అంచున ఆ గాడిలో కూర్చునే గట్టు ఉంటాయి. గాడి పూడకుండా చూసుకుంటే యాభై ఏళ్ల కప్పు కూడా కారదు.

ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. అప్పటికి పాచి ఎండి చిప్పలుగా లేచొస్తుంది. రోహిణి కార్తెలో పెంకు మీద చెయ్యి పెట్టలేం, తొలకరి పడ్డాక కాలు నిలవదు.

ఎక్కే ముందు

పెంకు నడుమ కాలు వేస్తే విరుగుతుంది. రెండు వరసలు ఒకదానిమీదొకటి వచ్చే చోట, అంటే రీపరు (పెంకులు ఆనే అడ్డకర్ర) మీదుగా, గోనెసంచి చుట్టిన నిచ్చెన పరిచి దానిమీదే నడవాలి. వెలుతురు కోసం పెట్టిన అద్దం పెంకులు దుమ్ము పట్టి మామూలు వాటిలాగే కనిపిస్తాయి. వాటిని ముందే ఇంట్లోంచి చూసి లెక్కపెట్టుకోండి. నడుముకు కట్టిన తాడు కొప్పు (కప్పు శిఖరం) దాటి అవతలి వైపున్న గట్టి స్తంభానికి బిగించాలి. మెయిన్ ఆపేసినా కరెంటు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరులో కరెంటు ఉంటుంది. అది కప్పుకు దగ్గరగా ఉంటే లైన్‌మన్‌తో తీయించాకే పైకెక్కాలి.

పెద్దవానకే కారుతోంది, పెంకు మాత్రం పగల్లేదు

గాడిలో వేపాకు, దుమ్ము, పాచి పేరుకుంది. సన్నవాన నీరు ఎలాగో దిగిపోతుంది. పెద్దవానకు గాడి పొంగి, నీరు గట్టు దాటి వాసం మీద పడుతుంది. పైనుంచి ఎంత కడిగినా ఇది తగ్గదు, పెంకు తీయాల్సిందే.

పై వరస పెంకును రెండంగుళాలు పైకి జరిపి, కింది పెంకు చూరు వైపు అంచు పట్టుకుని ఎత్తితే దాని వెనక ఉన్న బుడిపెలు రీపరు నుంచి వదులుతాయి. ఒక విడతలో పది పదిహేనుకు మించి తీయకండి, ఏ వరసది ఆ వరసలోనే పేర్చుకోండి. గాడిని వెదురుపుల్లతో గీకండి. స్క్రూడ్రైవరు వాడితే గట్టు అంచు చిట్లుతుంది, అక్కడితో ఆ పెంకు పనికిరాదు. వెనకవైపు కందిరీగల మట్టిగూళ్లు ఉంటే అవీ తీసేయాలి. శనగగింజంత మట్టి మిగిలినా పెంకు సరిగ్గా కూర్చోదు. తిరిగి పెట్టాక అరచేత్తో నొక్కి చూడండి, ఊగితే మళ్లీ తీయండి. అయ్యాక కొప్పు దగ్గర నుంచి చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోస్తూ, లోపల ఒక మనిషిని చూడమనండి.

వంద చదరపు అడుగులకు సుమారు 150 పెంకులు పడతాయి. దానికి ఒక పది అదనంగా దగ్గర పెట్టుకోండి.

నల్ల చారలు, పచ్చ పాచి

చెట్టు నీడ, ఉత్తరం వైపు వాలు, ఎక్కువ నీరు పీల్చే పాత పెంకు. ఈ మూడూ కలిసిన చోట పాచి పడుతుంది. ముందు పొడిగానే ఈనెల చీపురుతో కొప్పు నుంచి చూరు వైపు ఊడ్చండి. ఇనుప బ్రష్షు వద్దు.

మిగిలిన పాచికి 10 లీటర్ల నీళ్లలో 300 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి గంటసేపు కదపకుండా ఉంచండి. పైకి తేరిన నీటిని గుడ్డలో వడగట్టి వాడాలి. అడుగున దిగిన సున్నం కలిస్తే పెంకుల మీద తెల్లమరకలు పడతాయి. చల్లటి పూట పెంకు తడిసేలా పిచికారీ చేసి, ఇరవై నిమిషాలాగి, బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో బాగా కడగండి. రేకుల మీద, మేకుల మీద ఆ నీరు నిలిస్తే తుప్పు ఖాయం. చూరు కింది మొక్కల్ని ముందే తడిపి ఉంచండి. కళ్లజోడు, చేతొడుగులు తప్పనిసరి.

ఎర్రగా మెరవాలని బాత్రూం యాసిడ్ పోసేవాళ్లున్నారు. అది కొప్పు సిమెంటును తినేస్తుంది, పెంకులోకి ఇంకి ఉప్పుగా మిగులుతుంది. బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

కడిగించాక కొత్తగా కారుతోంది

బైకుల వాటర్ సర్వీసింగ్ గన్ పెట్టి కొట్టారన్నమాట. చూరు దగ్గర నిలబడి పైకి కొడితే నీరు, దాంతోపాటు బురద, పెంకుల సందుల్లోకి ఎదురెక్కుతాయి, పెంకులు జరుగుతాయి. అంతకన్నా నష్టం, కాలిన గట్టి పైపొర లేచిపోయి పెంకు గరుకుబారుతుంది, మరుసటేడు పాచి ఇంకా దట్టంగా వస్తుంది. జరిగిన పెంకులు సరిచేసుకోవచ్చు, పోయిన పైపొరను తేలేం. (గన్ను పట్టకపోయినా జరిగాయంటే కోతుల పని కావచ్చు.)

తెల్లపొడి, రాలే అంచులు

ఉప్పు. సముద్రానికి దగ్గర ఊళ్లలో మరీ ఎక్కువ. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది, కాబట్టి ఎండలో పొడి బ్రష్షుతో దులపండి. అంచు పొరలుగా రాలుతుంటే వేలి కణుపుతో కొట్టి చూడండి: ఖంగుమంటే ఉంచండి, డబ్‌మంటే మార్చండి. అలాంటి పెంకుకు పెయింటు వేస్తే లోపలి తడి బయటికి రాలేక పొర ఊడుతుంది.

కొప్పు దగ్గర, రెండు వాలులు పల్లంగా కలిసే చోట చెమ్మ

కొప్పు గార పగిలితే 2 సెంటీమీటర్ల లోతు గీకి, తడిపి, సిమెంటు 1, సున్నం 1, ఇసుక 6 పాళ్ల గారతో పూడ్చండి. ఉత్త సిమెంటు పూత ఎండకు మళ్లీ నెరియలిస్తుంది. వాలులు కలిసే చోటి రేకులో ఆకులు తీసేసి, చిల్లులుంటే రేకే మార్చండి.

వరండాకు సిమెంటు రేకులుంటే వాటిని రుద్దొద్దు, గన్నుతో కడగొద్దు. ఆస్‌బెస్టాస్ పీచు గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక కొత్త పెంకులు. ఒక ఫ్యాక్టరీ పెంకు గాడిలో ఇంకో ఫ్యాక్టరీ పెంకు కూర్చోదు. వెనక అచ్చుపోసిన పేరు చూసుకుని, పాత పెంకొకటి సంచిలో వేసుకెళ్లి, కొట్లోనే పక్కపక్కన బిగించి చూసి కొనండి.