ఏది షుగర్‌ను గబగబా పెంచుతుంది, ఏది నిదానంగా? పోల్చుకోవడం ఎలా

ఇంట్లో ఒకరికి షుగర్ అని తేలగానే అందరం ముందు చేసే పని చక్కెర డబ్బాను పై అరలోకి ఎక్కించడం. మా ఇంట్లోనూ అదే జరిగింది. అమ్మ టీలో చక్కెర మానేసింది, పొద్దున్నే టిఫిన్ బదులు రెండు పెద్ద గ్లాసుల రాగిజావ మొదలుపెట్టింది. తర్వాత గ్లూకోమీటర్ చూసుకుని, "రాగులేగా తాగుతున్నాను, ఇంకా ఎందుకు పెరుగుతోందే?" అని దిగాలు పడేది. రాగుల్లో పీచు, కాల్షియం ఉన్నమాట నిజమే. కానీ వాటిని మెత్తగా మర పట్టించి, జల్లెడ పట్టి, నీళ్లలో బాగా ఉడికించి జావ చేస్తే అరగడానికి ఇక ఏం మిగులుతుంది? అందుకే ఆహారం పేరుతో ఆగిపోకుండా, అది గ్లాసులోకో పళ్లెంలోకో ఏ రూపంలో వచ్చిందో చూడాలి.

1. ముందు ఆ అంకె సంగతి తెలుసుకోండి

గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే జీఐ, 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం పరిచయం చేసిన కొలత. 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత ఆహారం తినిపించి, రెండు గంటల పాటు రక్తంలో గ్లూకోజ్ ఎలా పెరిగిందో చూస్తారు. 50 గ్రాముల గ్లూకోజ్ తాగితే వచ్చే పెరుగుదలను 100గా పెట్టుకుని దానితో పోలుస్తారు. 55 వరకు తక్కువ, 56 నుంచి 69 మధ్యస్థం, 70 ఆపైన ఎక్కువ. గుడ్డు, చేప, చికెన్, నెయ్యి లాంటి వాటిలో పిండిపదార్థం దాదాపు ఉండదు కాబట్టి వాటికి ఈ లెక్కే లేదు.

2. నాలుకకు తగిలే తీపిని నమ్మకండి

ఉడికించిన బంగాళాదుంప జీఐ 78 దగ్గర ఉంటుంది, పంచదారది 65 దగ్గర. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ రక్తంలో గ్లూకోజ్‌ను నేరుగా పెంచదు. బంగాళాదుంపలోని పిండి మాత్రం అరిగాక మొత్తం గ్లూకోజే. అంతమాత్రాన పంచదార మంచిదనుకోకండి. అలాగే బెల్లం, తేనె వేసుకుంటే ఫరవాలేదన్న మాట కూడా నమ్మొద్దు, షుగర్ ఉన్నవాళ్లకు అవీ చక్కెర లెక్కే.

3. గింజ ఎంత నలిగిందో, ఎంత ఉడికిందో చూడండి

ఇది చేసి చూడండి. గుప్పెడు మరమరాలు నోట్లో వేసుకుని నమలకుండా ఉంచండి. లాలాజలానికే మెత్తబడి కరిగిపోతాయి. ఇప్పుడు శనగ గుగ్గిళ్లు (తెలంగాణలో గుడాలంటారు) నాలుగు వేసుకోండి. ఎంతసేపు ఉంచినా గింజ గింజలాగే ఉంటుంది, నమలాల్సిందే. కడుపులోనూ ఇంచుమించు ఇదే తంతు. నోటికి పని పెట్టని పిండి రక్తంలోకి త్వరగా చేరుతుంది. శనగల జీఐ 30కి అటూ ఇటూ. కార్న్‌ఫ్లేక్స్‌ది 80 దాటుతుంది.

ఒకే గింజ అయినా చేసే తీరును బట్టి మారిపోతుంది. గోధుమలనే తీసుకోండి. ముతక నూకతో చేసిన ఉప్మా ఒకలా ఉంటుంది, పొట్టుతో ఉన్న పిండి చపాతీ ఇంకోలా, మైదా బ్రెడ్ మరోలా. తెల్ల బ్రెడ్ 75 దగ్గరికి వెళ్తుంది. పెసలను పొట్టుతో నానబెట్టి రుబ్బిన పెసరట్టు, బియ్యం ఎక్కువ పడ్డ దోశ కంటే నిదానం. పండ్లలోనూ అంతే, కొంచెం పచ్చిదనం ఉన్న అరటిపండు కంటే నల్లమచ్చలు పడి మాగిన పండు త్వరగా పెంచుతుంది. మాగేకొద్దీ అందులోని పిండి చక్కెరగా మారడమే కారణం.

ఇక అమ్మ జావ విషయానికి వస్తే, రాగులు మానలేదు. గ్లాసు బదులు చిన్న సంకటి ముద్ద, పక్కన గిన్నెడు ఆకుకూర పప్పు పెట్టాం.

4. అన్నం దగ్గర కాస్త ఆగండి

మనవాళ్లకు అసలు ప్రశ్న ఇదే. తెల్లన్నం జీఐ సగటున 73 అని పట్టికల్లో కనిపిస్తుంది, కానీ బియ్యం రకాన్ని బట్టి తేడా చాలా ఉంటుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి 235 రకాల బియ్యాన్ని పరీక్షిస్తే, 48 నుంచి 92 దాకా వచ్చాయి. తక్కువ జీఐ వైపు నిలిచిన వాటిలో మన మారుటేరు స్వర్ణ ఒకటి. రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) కూడా 51 దగ్గర ఉంటుంది.

తేడా ఎక్కడుందంటే, బియ్యపు పిండిలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాలుంటాయి. అమైలోజ్ ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, అరుగుదల నిదానం. అది తక్కువుంటే అన్నం ముద్దగా, జిగురుగా అవుతుంది, త్వరగా అరుగుతుంది. అందుకని పలుకు విరిగాక ఇంకా ఉడకనివ్వకండి. కుక్కర్‌లో మెత్తగా గుజ్జయ్యేదాకా వదిలేయకండి. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి అరగడానికి మొండికేసే రూపంలోకి మారుతుంది. చద్దన్నంలో పెరుగు కలుపుకుంటే వేడన్నం కంటే కొంత నయం అనడానికి కారణం ఇదే. దంపుడు బియ్యంతో అంతా సర్దుకుంటుందని మాత్రం ఆశపడకండి. పీచు, విటమిన్లు ఎక్కువే, కానీ జీఐ సగటున 68 దగ్గరే ఉంటుంది.

5. అంకెతో పాటు పళ్లెం కూడా కొలవండి

జీఐని, తిన్న పిండిపదార్థపు గ్రాములతో గుణించి 100తో భాగిస్తే గ్లైసీమిక్ లోడ్ వస్తుంది. ఒకసారి తిన్నదానికి 10 లోపైతే తక్కువ, 20 దాటితే ఎక్కువ. పుచ్చకాయ జీఐ 76 అని చాలామంది భయపడతారు. 120 గ్రాముల ముక్కలో పిండిపదార్థం 6 గ్రాములే, లోడ్ 5 కూడా రాదు. అదే 150 గ్రాముల మామూలు అన్నంలో 40 గ్రాములుంటుంది, లోడ్ 29. తక్కువ జీఐ బియ్యమే కదా అని 300 గ్రాములు లాగిస్తే 41 వస్తుంది! ఖరీదైన బియ్యం కొని నిండు పళ్లెం తినేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

6. పక్కన ఏముందో చూడండి

పప్పు, గుడ్డు, కూరలు, పెరుగు అన్నంతో కలిస్తే పెరుగుదల నెమ్మదిస్తుంది. చింతపండు, నిమ్మరసం పులుపు కూడా కొంత సాయపడుతుంది. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే ఇంకా మంచిది. నూనె కూడా జీఐని తగ్గిస్తుంది కాబట్టి చిప్స్ అంకె బంగాళాదుంప కంటే తక్కువ కనిపించవచ్చు. అది చూసి చిప్స్ తినమని అర్థం కాదు.

7. ప్యాకెట్ వెనక్కి తిప్పండి

పదార్థాలు బరువును బట్టి వరుసగా రాసి ఉంటాయి. మల్టీగ్రెయిన్ అని ముందు పెద్దక్షరాలున్నా, వెనక మొదటి పేరు మైదా అయితే అది మైదా బిస్కెట్టే.

8. మీ ఒంటితో సరిచూసుకోండి

పట్టికలో ఉండేది పదిమంది సగటు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి చూసి నోట్‌బుక్‌లో రాయండి. మరో రోజు అన్నీ అలాగే ఉంచి ఒక్కటే మార్చండి, జావ బదులు గుగ్గిళ్లు, అలా. ఒక్కసారి చూసి తేల్చేయకండి, నిద్ర లేకపోయినా, టెన్షన్ ఉన్నా అంకె మారుతుంది. ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు తిండి బాగా తగ్గించే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి, లేదంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

పడిపోయినప్పుడు ఈ లెక్కంతా తిరగబడుతుంది. చెమటలు, వణుకు, కంగారు మొదలై మీటర్ 70 కంటే తక్కువ చూపిస్తే, అప్పుడు కావాల్సింది ఎక్కువ జీఐ ఉన్నదే. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, లేదా మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అందుకే మా ఇంట్లో చక్కెర డబ్బా పై అర నుంచి మళ్లీ చేతికందే చోటికి దిగింది.