వానలు మొదలయ్యేలోపు పెద్ద కారు టైర్లు, రిమ్ములు: బెజవాడ, గుంటూరు వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

మే నెల దాటకముందే, ఇంకా ఎండలు మండుతుండగానే, పెద్ద ఎస్‌యూవీ ఉన్నవాళ్లు ఒక పూట టైర్ల కోసం తీసిపెట్టుకోవాలి. మొదటి వాన పడ్డాక షాపుకు వస్తే రద్దీ ఒకటి, కావాల్సిన సైజు దొరక్కపోవడం ఇంకొకటి. 19, 20, 21 అంగుళాల టైర్లు మన దగ్గర అన్ని షాపుల్లోనూ సిద్ధంగా ఉండవు. ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి. అంతదాకా ఆగలేక చేతికందిన సైజు వేయించుకుని వెళ్లిపోయిన బండ్లను ఆటోనగర్‌లో ప్రతి వానాకాలం చూస్తూనే ఉంటాను. నేను చేసేది అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసే పని. టైరులో ఏ తేడా ఉన్నా మాకు అది లిఫ్టు మీద కనబడుతుంది, నడిపేవాళ్లకు మాత్రం తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడే తెలుస్తుంది.

ముందు ఒక అపోహ తీరాలి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా, వానలో టెన్షన్ లేదు అని చాలామంది ధీమాగా ఉంటారు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి, బురదలోంచి బయటికి లాగడానికి పనికొస్తుంది. ఆపడానికి పనికిరాదు. బ్రేకు తొక్కాక బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు పట్టు మీద, బండి బరువు మీద, వేగం మీద ఉంటుంది. రెండు టన్నులకు పైబడిన బండి నేలను తాకేది ఒక్కో టైరు కింద సుమారు అరచేతి వెడల్పు రబ్బరుతోనే. లక్షలు పోసి కొన్న బండికి ఆ నాలుగు అరచేతుల దగ్గర పొదుపు చేయకండి.

మన వానాకాలం సెప్టెంబరుతో అయిపోయేది కాదు. జూన్‌లో మొదలయ్యే నైరుతి తర్వాత అక్టోబరు, నవంబరు తుపాన్లుంటాయి. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అంటే జూన్‌లో 'ఈ సీజన్‌కు లాగించేద్దాం' అనుకున్న టైరు డిసెంబరు దాకా నీళ్లలో తిరగాలి. ఆ ఆరు నెలల అరుగుదల కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడిలో అడ్డంగా చిన్న గట్టుల్లా కనిపించేవి ఆ హద్దును చెప్పే గుర్తులు. నేలను తాకే రబ్బరు (ట్రెడ్) వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. కానీ వానకు 1.6 చాలదు. గాడి ఉన్నది టైరు కింద చేరిన నీటిని పక్కకు తోసేయడానికి. లోతు 3 మిల్లీమీటర్ల కంటే తగ్గేసరికే ఆ పని బాగా మందగిస్తుంది. నీరు తప్పుకోకపోతే టైరు నీటి పొర మీదికి ఎక్కుతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, తిప్పినా బండి తిరగదు. జాతీయ రహదారి మీద వందకు దగ్గరగా వెళ్తున్నప్పుడు అలా జరిగితే చేయగలిగింది చాలా తక్కువ. యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఉండటమే. గట్టిగా బ్రేకు తొక్కకూడదు. అందుకని వానల ముందు 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిన టైరును మార్చేయమనే చెబుతాను. లోతు కొలిచే గేజ్ చాలా తక్కువ ధరకే దొరుకుతుంది, ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకోండి.

కొలిచేటప్పుడు టైరు బయటి అంచు చూసి సరిపెట్టుకోవద్దు. గుంటూరు నుంచి ఒక మిర్చి వ్యాపారి తిరుపతి వెళ్లేముందు బండి చూపించడానికి వచ్చారు. బయట నుంచి చూస్తే టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి, గాడి నిండుగా ఉంది. లిఫ్టు ఎత్తి లోపలివైపు వేలు పెడితే సన్నటి తీగలు గుచ్చుకున్నాయి. లోపలి అంచు రబ్బరంతా పోయి స్టీలు తీగలు బయటపడ్డాయి. ఆయన వంగి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ బండిలోనే మనవలతో సహా వెళ్లాల్సిన ప్రయాణం అది. అలైన్‌మెంట్ తప్పిన బండ్లకు, సస్పెన్షన్ కిందికి దించిన బండ్లకు ఇలా లోపలివైపే అరిగిపోతుంటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే ముందు టైర్ల లోపలి అంచు ఇంటి దగ్గరే కనబడుతుంది. వెనక టైర్లకు మాత్రం లిఫ్టు ఎక్కించాల్సిందే.

ఇక రిమ్ముల సంగతి. షోకు కోసం రిమ్ము సైజు పెంచడం మన దగ్గర బాగా ఎక్కువైంది. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని, ఎందుకో లెక్కతో చెబుతాను. ఫార్చ్యూనర్‌కు వచ్చే 265/60 ఆర్18 టైరు తీసుకోండి. 265 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 60 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, ఆర్18 అంటే 18 అంగుళాల రిమ్ము. అంటే పక్కగోడ 159 మిల్లీమీటర్లు. అదే బయటి కొలతతో 20 అంగుళాల రిమ్ముకు మారితే 265/50 ఆర్20 వేయాలి, అప్పుడు పక్కగోడ 132 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అలా పోయిన రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు రబ్బరే గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచుకునేది. వానలో నీళ్లు నిండిన గుంత లోతు పైనుంచి ఎవరికీ తెలియదు. పక్కగోడ తక్కువున్న టైరు గుంత అంచుకు, రిమ్ముకు మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. మర్నాటికి పక్కన గుడ్డులా ఉబ్బుతుంది. ఉబ్బిన టైరుకు రిపేరు లేదు, తీసేయాల్సిందే. అల్లాయ్ రిమ్ముకు సన్నటి చీలిక వస్తే గాలి రోజూ కొంచెం కొంచెం దిగుతుంటుంది, పంచర్ కోసం ఎంత వెతికినా దొరకదు.

మంచు కురిసే దేశాల్లో ఇవే బండ్లు ఉన్నవాళ్లు చలికాలానికి విడిగా ఇంకో సెట్ చక్రాలు పెట్టుకుంటారు. అప్పుడు వాళ్లు రిమ్ము పెంచరు, తగ్గిస్తారు. వేసవిలో 275/40 ఆర్21 మీద తిరిగే బండికి చలికాలంలో 265/50 ఆర్19 వేస్తారు. చక్రం మొత్తం ఎత్తులో తేడా ఒక శాతంలోపే, కానీ పక్కగోడ 110 నుంచి 132 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. వెడల్పు తగ్గిన టైరు మంచు గుజ్జును కోసుకుంటూ పోతుంది. మనకు మంచు లేదు గానీ నీటి విషయంలోనూ అంతే. మరీ వెడల్పు టైరు నీటి మీద తొందరగా తేలుతుంది. కాబట్టి కంపెనీ మీ మోడల్‌కు అనుమతించిన సైజుల్లో చిన్న రిమ్మునే వానాకాలానికి ఎంచుకోండి. ఆ సైజులు డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదో, బండి పుస్తకంలోనో ఉంటాయి. అంతకంటే చిన్నది వేయాలంటే ముందు బ్రేకు క్యాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగానికి) తగులుతుందేమో చూడాలి. పెద్ద బ్రేకులున్న టాప్ మోడళ్లకు 19 కూడా పట్టకపోవచ్చు.

బయటి అల్లాయ్‌లే కొనాల్సి వస్తే బోల్టులు పడితే చాలనుకోవద్దు. మధ్య రంధ్రం హబ్‌కు (చక్రం బిగించే ఇరుసు భాగానికి) సరిగ్గా కూర్చోవాలి, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్న కొలత) కంపెనీ లెక్కకు దగ్గరగా ఉండాలి, రిమ్ము మోయగల బరువు దాని మీద అచ్చు వేసి ఉండాలి. ఆ అచ్చు లేని రిమ్ము ఎంత అందంగా ఉన్నా ఇంత బరువైన బండికి వేయకండి.

అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పిల్లలు ఫోన్లో వింటర్ టైర్ల గురించి చెబుతుంటారు, మనమూ వేయించాలా అని అడిగినవాళ్లున్నారు. అక్కడ అది అవసరం. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది, వింటర్ టైరు రబ్బరు అప్పుడూ మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనమే మన రోడ్ల వేడికి శత్రువు. త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో చక్రాల సెట్ కొనేవాళ్లు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దానిలో మంచు రేకు బొమ్మ ఉందేమో చూడండి. టైరు పేరులోనే వింటర్ అని కూడా ఉంటే మనకు వద్దు. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో, అంటే బురద, మంచు) అన్న గుర్తు వేరు, అది చాలా ఎస్‌యూవీ టైర్ల మీద ఉంటుంది. దాన్ని చూసి వానకు మంచి టైరు అని మాత్రం అనుకోవద్దు, తడి రోడ్డు పట్టుకు అది కొలత కాదు.

ఊళ్లో, హైవే మీద తిరిగే బండికి హైవే టైరే సరి. తుళ్లూరు వైపు నల్లరేగడి పొలాల్లోకి తరచూ దిగేవాళ్లకు ఆల్ టెర్రెయిన్, అంటే రోడ్డు మీదా మట్టిలోనూ తిరిగే టైరు అవసరమే. కానీ పెద్ద పెద్ద గడులున్న ఆ టైర్లు తడిసిన సిమెంటు రోడ్డు మీద సాధారణంగా హైవే టైరంత పట్టు ఇవ్వవు. చూపు కోసం వేయించుకోవద్దు.

టైరు మీద సైజు తర్వాత వచ్చే అంకెను చాలామంది వదిలేస్తారు. 110 అంటే ఆ టైరు 1,060 కిలోలు మోస్తుంది, 107 అంటే 975 కిలోలే. ఏడుగురు, పైన సామాను, పెళ్లి ప్రయాణం అన్నప్పుడు ఆ తేడా చిన్నది కాదు. కంపెనీ ఇచ్చిన అంకెకు తగ్గకండి. తయారీ తేదీ కూడా పక్కనే నాలుగు అంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. మన ఎండలకు రబ్బరు నిలవున్నా ముసలిదవుతుంది, కాబట్టి కొత్త టైరు కొంటున్నా ఆ అంకెలు మీ కళ్లతో చూశాకే బిగించమనండి. పక్కన బీటలు వచ్చిన టైరుకు గాడి ఎంతున్నా నమ్మకం లేదు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదలలో ఉండాలి. ఒక జత బాగా అరిగి ఇంకో జత కొత్తదైతే చక్రాల చుట్టుకొలతలో తేడా వస్తుంది, ఆ భారం ముందు, వెనక చక్రాలకు ఇంజను శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. టూ వీల్ డ్రైవ్ బండికి రెండే మార్చగలిగితే కొత్తవి వెనక్కి వేయించండి. స్టీరింగ్ ముందుంది కాబట్టి కొత్తవి ముందే అని షాపుల్లోనూ వాదిస్తారు. ముందు టైరు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ అందుకుంటుంది. వెనక టైరు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవర్ వల్ల కాదు.

వానలో పట్టు కోసం గాలి తగ్గించడం అలవాటున్నవాళ్లు అది మానేయాలి. గాలి తగ్గితే టైరు నీటి మీద ఇంకా తక్కువ వేగానికే తేలుతుంది. స్టిక్కర్ మీద ఉన్నంత గాలి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టించండి. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 2 పీఎస్ఐ తగ్గుతుంది. మే మధ్యాహ్నం నింపిన గాలితో డిసెంబరు తెల్లవారుజామున పొగమంచులో గన్నవరం దాటేవాళ్లకు నాలుగైదు పీఎస్ఐ తక్కువ ఉంటుంది. డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగేది తరచుగా అందుకే.

పొలాల దారిలో, మట్టి రోడ్డులో తిరిగొచ్చాక స్టీరింగ్ ఎనభై దాటితే వణుకుతోందంటే బ్యాలెన్సింగ్‌కు పరిగెత్తేముందు చక్రాల లోపలివైపు నీళ్లు గట్టిగా కొట్టించండి. రేగడి మట్టి రిమ్ము లోపల ముద్దగా అంటుకుని రాయిలా ఎండిపోతుంది. దాని మీదే బ్యాలెన్స్ చేసి సీసం బిళ్లలు వేస్తే, రెండు రోజులకు మట్టి రాలిపోయి మళ్లీ వణుకు మొదలవుతుంది.

నిలిచిన నీటిలో, పారే నీటిలో ఏ టైరూ కాపాడదు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ రహదారి మూతపడింది. 2024 సెప్టెంబరు తొలినాళ్లలో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచింది. రెండడుగుల ప్రవాహం పెద్ద ఎస్‌యూవీని కూడా తోసుకుపోగలదు. బారికేడ్ పెట్టిన దగ్గర వెనక్కి తిప్పేయండి.

రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే) టైర్లతో వచ్చిన బండికి మామూలు టైర్లు వేయిస్తే రైడ్ మెత్తబడుతుంది, నిజమే. కానీ చాలావాటిలో స్టెప్నీ ఉండదు. రన్‌ఫ్లాట్ గాలి పోయాక కూడా సాధారణంగా 80 వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దాకా తీసుకెళ్తుంది. రాత్రి వానలో చిలకలూరిపేట దాటాక ఆ 80 కిలోమీటర్ల విలువ తెలుస్తుంది. మామూలు టైర్లకు మారితే స్టెప్నీ కొనుక్కోండి, లేదా మంచి పంచర్ కిట్, కంప్రెసర్ పెట్టుకోండి. స్టెప్నీ ఉన్నవాళ్లు దాని గాలి, దాని తయారీ తేదీ కూడా చూసుకోవాలి.

షాపులో టైరు విప్పేముందు రెండు మాటలు చెప్పండి. లోపల గాలి సెన్సార్ ఉందని ఒకటి, చెప్పకపోతే టైరు ఊడదీసే బారు తగిలి అది వాల్వు దగ్గర విరుగుతుంది. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉంటే బండి ఎత్తేముందు జాక్ మోడ్ పెట్టాలని రెండోది. బోల్టులు చివరగా టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలత చూపే పానాతో) బిగించమనండి, వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఒకసారి చూపించండి. చక్రాలు దొంగలు ఎత్తుకుపోకుండా వేసే లాక్ నట్ ఉన్న బండికి దాని ప్రత్యేక సాకెట్ లేకపోతే హైవే మీద ఎవరూ చక్రం విప్పలేరు. అది ఇంటి బీరువాలో ఉంటే తెచ్చి బండిలో జాక్ పక్కనే పెట్టండి. బండి ఇంకొకరి చేతికిచ్చేటప్పుడు ఎక్కడుందో చూపించి ఇవ్వండి.